లేత పసుపు

ముప్పై ఒక్క ఏళ్ళు ఒకే గదిలో పనిచేసిన మనిషి ఆ గదినైనా ప్రేమిస్తాడు, లేదా అందులోకి వచ్చిపోయేవాళ్ళనైనా అసహ్యించుకుంటాడు. యూనివర్సిటీలో కెమిస్ట్రీ ల్యాబు అటెండర్ గారు రెండూ చేశారు.

గదంటే ఆయనకు ప్రాణం. పొద్దున్నే అందరికంటే ముందు వచ్చి కిటికీలు తీసేవారు. సింకులు కడిగి, డిస్టిల్డ్ వాటర్ పట్టి, సీసాల మీద పేర్లు వెలిసిపోతే కొత్త చీటీలు రాసి అంటించేవారు. సిల్వర్ నైట్రేట్ చింది చింది ఆయన కుడిచేతి వేళ్ళ మీద నల్లటి మరకలు నిలిచిపోయాయి. అవి ఎంత రుద్దినా పోవు. ఎవరింటికి భోజనానికి వెళ్ళినా ముందు ఆ చెయ్యి చూసి, ఆ తర్వాతే మొహం చూస్తారు. ఇక బట్టల సంగతి సరేసరి. ఆ ల్యాబులో తయారుచేసే ఒక గ్యాసుకి కుళ్ళిన కోడిగుడ్డు వాసన. అది చొక్కాకి పట్టిందంటే రెండు ఉతుకులకు గానీ వదలదు.

అందుకే విద్యార్థులు ఆయనకు 'కుళ్ళుగుడ్డు' అని పేరు పెట్టారు. పెట్టినవాడు ఎవడో పదేళ్ళ కిందటే చదువు ముగించుకుని వెళ్ళిపోయాడు, పేరు మాత్రం ఇక్కడే ఉండిపోయింది. ఏటా కొత్త బ్యాచ్ వస్తుంది, అదేదో తమ సొంత తెలివైనట్టు అదే పేరుతో పిలిచి పడీ పడీ నవ్వుతుంది. పేరు పెట్టినందుకు ఆయనకు కోపం లేదు. పదేళ్ళలో ఇంకో పేరు పెట్టేపాటి బుర్ర ఒక్కడికీ లేకపోయిందే అని మాత్రం ఒళ్ళు మండేది.

ఆ చివరి బ్యాచ్ ఉంది చూశారూ, అది అన్నిటినీ మించింది. ఒకడు చొక్కా చేతులు మడిస్తే సాయంత్రానికి అందరూ మడుస్తారు. ఒకతె జుట్టు కత్తిరించుకుంటే వారంలో అమ్మాయిలందరి జుట్టూ భుజాల మీదికే. ఒకడు చూయింగ్ గమ్ నమిలి బెంచీ అడుగున అంటించాడు, మర్నాటికి ప్రతి బెంచీ అడుగునా ఒక ముద్ద. అటెండర్ గారు నేల మీద వెల్లకిలా పడుకుని బ్లేడుతో వాటిని గీకేవారు. ఒక్కడి ఎంగిలైతే తప్పదు అనుకోవచ్చు. అంతమంది ఎంగిలి, అదీ ఇష్టమై నమిలింది కూడా కాదు, పక్కవాడు నమిలాడని నమిలింది, మొహం మీద రాలుతుంటే మధ్యలో రెండుసార్లు లేచి సబ్బుతో మొహం కడుక్కునేవారు.

వీళ్ళందరికీ ఒక నాయకుడు. కెప్టెన్ అంటారు. ఏ ఆటకీ కెప్టెన్ కాదు, ఊరికే కెప్టెన్. చదువు అంతంత మాత్రం, మాట మాత్రం బెల్లం పాకం. రెండో సంవత్సరంలో ఈ కెప్టెన్ ఒకరోజు క్లాసులన్నీ ఎగ్గొడదామన్నాడు, అందరూ సై అన్నారు. ఒక్క కుర్రాడు మాత్రం ఆ రోజు ప్రాక్టికల్ పోతుందని వచ్చాడు. అంతే, మర్నాటి నుంచి ఆ కుర్రాడితో మాట్లాడినవాడు లేడు. వాడు బెంచీ దగ్గరికి వస్తే పక్కవాళ్ళు లేచిపోయేవారు. వాడి రికార్డు పుస్తకం రెండుసార్లు సింకులో తేలింది. ఊరంతా ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి అంటారు గానీ, ఆ ఉలిపికట్టె మధ్యాహ్నం పూట త్రాసు గదిలో తలుపు వేసుకుని ఒక్కడే టిఫిన్ డబ్బా తినడం అటెండర్ గారు కళ్ళారా చూశారు. మూడు నెలలు అలా తిని, వాడు చదువే మానేసి వెళ్ళిపోయాడు. ఇరవై ఐదు మంది బ్యాచ్ ఇరవై నాలుగయింది. ఇరవై నాలుగు మందిలో ఒక్కరికైనా మింగుడుపడకపోవడం, నిద్ర పట్టకపోవడం లాంటిదేమీ ఆయనకు కనబడలేదు.

ఆ ఇరవై నాలుగులో ఒకతె ఆయన మేనకోడలు.

అక్క కూతురు. అక్క ఉండే చోట ఈ చదువు లేదు కాబట్టి మామయ్య ఇంట్లో ఉండి చదువుకుంటోంది. చురుకైన పిల్ల. పదేళ్ళ వయసులో సెలవులకు వచ్చినప్పుడే మామయ్య వెంట ల్యాబుకి వచ్చి, స్టూలెక్కి నిలబడి, "ఇదెందుకు నీలం అయింది? అదెందుకు కాలేదు?" అని ప్రాణం తీసేది. ఆయన చదివింది పదో తరగతే అయినా, చూసి చూసి నేర్చుకున్నదంతా దానికి నేర్పారు. ఏది వేస్తే ఏ రంగు వస్తుందో ఆ పిల్లకు పుస్తకం కంటే ముందు ఆయన నోటి నుంచే తెలుసు.

"ఒక్కటి గుర్తుపెట్టుకో. పుస్తకంలో ఏముందో తర్వాత. ముందు ట్యూబులో ఏముందో చూడు," అనేవారు.

మొదటి సంవత్సరం ఇద్దరూ ఒకే బస్సులో వచ్చేవారు. రెండో ఏడు ఆ పిల్ల ఒక స్టాపు ముందే దిగి నడవడం మొదలుపెట్టింది. మూడో ఏడు బస్సే మార్చేసింది. ల్యాబులో ఆయన ఎదురైతే చూపు పక్కకు తిప్పేది. సరే, వయసు అలాంటిది అనుకున్నారు. కానీ ఒకరోజు ఆయన మూల నిలబడి ట్యూబులు ఆరబెడుతుంటే కెప్టెన్ ఎవరితోనో అన్నాడు.

"కుళ్ళుగుడ్డుని పిలవరా, బర్నర్ వెలగట్లేదు."

అందరూ నవ్వారు. ఆ నవ్వులో ఒక గొంతు ఆయన పెంచిన గొంతు. మామూలుగా ఆ పిల్ల నవ్వు అలా ఉండదు. గుంపుతో కలవడం కోసం ఇంకొంచెం గట్టిగా, ఇంకొంచెం ఎక్కువసేపు నవ్వింది. ఆయనకు బాధ కాదు, అసహ్యమే వేసింది. కన్నబిడ్డ లాంటి పిల్ల మీద అసహ్యం వేయడం ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది. ఆ రాత్రి భోజనం దగ్గర ఆ సంగతి ఎత్తలేదు. ఎత్తితే ఏడుస్తుంది, ఏడిస్తే ఈయన కరిగిపోతారు, అదంతా ఎందుకని ఊరుకున్నారు.

ఇక ఆయన పరువు సంగతి. అది చెప్పకపోతే ఈ కథకు అర్థం లేదు.

ఆఖరి సంవత్సరం ప్రాక్టికల్ పరీక్షలో విద్యార్థులకు ఒక ఉప్పు ఇస్తారు. ఉప్పంటే కూరలో వేసేది కాదు, పేరు చెప్పకుండా పొట్లం కట్టి ఇచ్చే తెల్లటి పొడి. రకరకాల మందునీళ్ళు పోసి, ఏ రంగు వచ్చిందో చూసి, అదేమిటో వాళ్ళే కనుక్కోవాలి. ఏ బ్యాచ్‌కి ఏ ఉప్పు అనేది బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్ ముందురోజు సాయంత్రం అటెండర్‌కి చెబుతారు, అది చీటీ మీద రాసుకోవాలి. పొట్లాలు కట్టేది ఆయనే కాబట్టి చెప్పక తప్పదు. పక్క డిపార్ట్‌మెంట్ల అటెండర్లు ఆ వారంలో మహారాజుల్లా తిరిగేవారు. ఎవరు పిలిచినా టీ, ఎవరు కనబడినా నమస్కారం. ఈయన దగ్గర మాత్రం పప్పులుడికేవి కావు. ముప్పై ఒక్క ఏళ్ళలో కెమిస్ట్రీ చీటీ ఒక్కటంటే ఒక్కటి బయటికి పోలేదు. ఆయన సంపాదించుకున్నది అదొక్కటే. ఇంకో నాలుగు నెలల్లో రిటైరయ్యే రోజున డిపార్ట్‌మెంట్ హెడ్ గారు దండ వేసి ఆ ఒక్క మాట అంటే చాలనుకున్నారు.

చీటీ పోకుండా ఆయన చేసేవి రెండు పనులు. ఒకటి, అది ల్యాబు బీరువాలో పెట్టకూడదు. ఆ బీరువా తాళం తలపిన్నుతో వస్తుందని ఆయనకూ తెలుసు, విద్యార్థులకూ తెలుసు. అందుకని రూలు కాకపోయినా చీటీ నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో, పెన్ను వెనకాల పెట్టుకుని ఇంటికి పట్టుకుపోయేవారు. రెండోది ఆయనకు పని నేర్పిన పాత అటెండర్ చెప్పిపోయింది.

"రాసుకున్నది రాసుకున్నట్టు ఇవ్వకురా అబ్బాయ్. పొద్దున్నే వచ్చి పొద్దుటి బ్యాచ్ ట్రే మధ్యాహ్నానికీ, మధ్యాహ్నం ట్రే పొద్దుటికీ మార్చెయ్. ఎగ్జామినర్ ఒక్కడి చెవిలో వెయ్. నీ పెళ్ళానికి కూడా చెప్పకు."

పెళ్ళానికి కూడా చెప్పలేదు.

పరీక్షకు వారం ముందు మధ్యాహ్నం ఆయన గాజు సామాను ఆరబెట్టే అలమర వెనక కూర్చుని బ్యూరెట్లు తుడుస్తున్నారు. అవతల కెప్టెన్, అద్దాలు పెట్టుకున్న ఒక అమ్మాయి, మేనకోడలు. అటెండర్ ఉన్నాడా లేడా అని ఎవరూ చూసుకోరు. గదిలో స్టూలు ఉంది, ఆయనా ఉన్నారు, వాళ్ళకు రెండూ ఒకటే.

"నువ్వు మాతో ఉన్నట్టా, లేనట్టా? అది చెప్పు," అన్నాడు కెప్టెన్.

"ఉన్నాగా."

"ఊరికే నోటితో అంటే సరిపోదు. త్రాసు గదివాడు కూడా ఉన్నాననే అన్నాడు."

"అబ్బా, దాన్ని భయపెట్టకురా," అంది అద్దాలమ్మాయి, చాలా ప్రేమగా. "అది మన పిల్లే. చేస్తుందిలే."

"ఆలోచించి చెప్తా."

"ఇరవై మూడు మంది ఆలోచించకుండా ఒప్పుకున్నారే. నీ ఒక్కదానికే ఉన్నాయా ఆలోచనలు?"

అటెండర్ గారు విన్నారు గానీ ఇంకోలా అనుకున్నారు. వీడ్కోలు పార్టీకి అమ్మాయిలంతా ఒకే రకం నీలం బట్టలు వేసుకోవాలని తీర్మానించుకున్నారనీ, తనకు ఆ బట్ట కావాలనీ మేనకోడలు ఇంట్లో రెండు రోజులుగా గునుస్తోంది. ఇదీ అదేననుకున్నారు. సాయంత్రం ఇంటికి వెళ్ళి భార్యతో, "పోనీ కుట్టేయవే. అందరూ వేసుకుంటారట, ఇదొక్కటీ లేకపోతే చిన్నబోతుంది," అన్నారు. ఆమె కుట్టుపని చేస్తుంది. మిగతా పనులు పక్కన పెట్టి రెండు రోజుల్లో కుట్టిచ్చింది. ఆ మంద పెట్టే బాధను ఆయనే జాలిపడి ఇంట్లోకి రానిచ్చారన్నమాట.

పరీక్ష ముందురోజు సాయంత్రం ఎగ్జామినర్ చెప్పారు, ఈయన రాసుకున్నారు. పొద్దుటి బ్యాచ్‌కి, అంటే ఈ ఇరవై నాలుగు మందికి, సిల్వర్ నైట్రేట్ వేస్తే పసుపు వచ్చే ఉప్పు. మధ్యాహ్నం వచ్చే ఇంకో సెక్షన్‌కి తెలుపు వచ్చే ఉప్పు. ఇంటికి వచ్చి చొక్కా మేకుకు తగిలించి స్నానానికి వెళ్ళారు. బయటికి వచ్చేసరికి మేనకోడలు వంటగది గుమ్మంలో నిలబడి ఉంది.

"మామయ్యా, టీ పెట్టనా?"

ఎన్ని నెలలైందో ఆ పిల్ల ఆ మాట అడిగి. ఆయన మొహం విప్పారింది. టీ తాగుతూ భార్యతో గుసగుసగా, "పిల్ల మళ్ళీ మామూలైందే," అన్నారు. పొద్దున చొక్కా వేసుకుంటుంటే పెన్ను వెనక ఉండాల్సిన చీటీ పెన్ను ముందుంది. తానే అలా పెట్టానేమో అనుకున్నారు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అనలేదు. ఈశ్వరుడికి కూడా టీ ఇస్తే ఏం పడతాడు?

ల్యాబుకి రాగానే ముప్పై ఒక్క ఏళ్ళుగా చేసినట్టే ట్రేలు మార్చారు. ఎగ్జామినర్ వస్తే చెవిలో చెప్పారు. ఆయన చిన్న కళ్ళద్దాల పెద్దమనిషి, నవ్వితే సొమ్ము పోతుందన్నట్టుంటాడు. ఒక్కసారి తల ఎగరేసి, "మంచిదే," అన్నాడు. సీలు వేసిన కవరు విప్పి, అందులో కాగితం సరిచేసి సంతకం పెట్టాడు.

తొమ్మిదింటికి పరీక్ష మొదలైంది. అటెండర్ గారు నీళ్ళ సీసా పట్టుకుని వరసల మధ్య తిరుగుతున్నారు. ఆ రోజు బ్యాచ్ మరీ కుదురుగా ఉంది. సందేహాల్లేవు, అటూ ఇటూ చూడటాల్లేవు, చేయి తిరిగిన వంటవాళ్ళలా పోస్తున్నారు, కలుపుతున్నారు, రాస్తున్నారు. కష్టపడి చదివినట్టున్నారే అని ఆయన ఆశ్చర్యపడ్డారు కూడా.

మేనకోడలు నంబరు పంతొమ్మిది. ఆయన ఆ బెంచీ వెనక్కి వచ్చేసరికి ఆ పిల్ల ట్యూబులో సిల్వర్ నైట్రేట్ వేస్తోంది. చుక్క పడగానే విరిగిన పాలలా తెల్లగా ముద్ద కట్టింది. సుబ్బరంగా, పుస్తకంలో బొమ్మలా తెలుపు. శభాష్ అనుకున్నారు. ఆ పిల్ల ట్యూబు ఎత్తి కిటికీ వెలుగులో చూసింది. చాలాసేపు చూసింది. ఇంకో ట్యూబు తీసి మళ్ళీ చేసింది. మళ్ళీ తెలుపే. అప్పుడు పక్క బెంచీ వైపు చూసింది. కెప్టెన్ తలెత్తకుండా రాసుకుంటున్నాడు. ముందు బెంచీలో అద్దాలమ్మాయీ రాసుకుంటోంది. ఆ పిల్ల కలం పట్టుకుని రాసింది.

'పసుపు రంగు ముద్ద ఏర్పడినది.'

మందు చెడిపోయిందా, తన కళ్ళు చెడిపోయాయా అని ఆయన ఒక్క క్షణం తికమకపడ్డారు. పక్క బెంచీకి వెళ్ళారు. ట్యూబులో తెలుపు, కాగితం మీద పసుపు. దాని పక్కదీ అంతే. వరస చివరిదాకా వెళ్ళి రెండో వరసలో వెనక్కి వచ్చారు. మందు వేసిన ప్రతి ట్యూబులోనూ తెలుపు. ఇరవై నాలుగు కాగితాల మీద పసుపు. కొందరైతే మందు వేయనే లేదు, ట్యూబు ఖాళీగానే ఉంది, రంగు మాత్రం రాసేశారు.

అప్పుడు అర్థమైంది ఆయనకు. పెన్ను ముందుకి వచ్చిన చీటీ, గుమ్మంలో నిలబడి అడిగిన టీ, 'మాతో ఉన్నట్టా లేనట్టా' అన్న మాట, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి.

ఇంకొకటి కూడా అర్థమైంది, అది మొదటిదాని కంటే ఛండాలంగా ఉంది. మిగతా ఇరవై మూడు మంది చూడకుండా రాశారు. ఈ పిల్ల చూసి రాసింది. రెండుసార్లు చేసి, తెలుపని తెలుసుకుని, పసుపు అని రాసింది. తెలుపని రాస్తే రేపు వాళ్ళేమంటారు? తప్పు చీటీ తెచ్చి మమ్మల్ని ముంచి, తాను గట్టెక్కిందంటారు. త్రాసు గది ఖాళీగానే ఉంది. వాళ్ళతో పాటు మునగడమే నయమనుకుంది. నలుగురితో నారాయణ అనడానికి ఇంత చదువు చదవాలా? పదేళ్ళ వయసులో స్టూలెక్కి 'ఎందుకు' అని అడిగిన పిల్లేనా ఇది?

పన్నెండింటికి ఎగ్జామినర్ కాగితాలు తిరగేశాడు. పది కాగితాలు చూసేసరికి మొహం మారింది. మధ్యాహ్నం పరీక్ష ఆపించి, హెడ్ గారిని పిలిపించాడు. పొద్దుటి బ్యాచ్‌ని ల్యాబులోనే ఉండమన్నాడు.

"నిన్న సాయంత్రం నేను చెప్పిన ఉప్పు పేరు ఇరవై నాలుగు మందీ రాశారు. ఇవాళ ఇచ్చింది అది కాదు. నిన్న నేను చెప్పింది ఒక్క మనిషికే," అని అటెండర్ గారి వైపు చూశాడు.

హెడ్ గారు మెత్తని మనిషి. ఎర్రబడ్డ మొహంతో విద్యార్థుల వైపు తిరిగి, "ఏంటిది?" అన్నారు.

కెప్టెన్ ముందుకొచ్చాడు. "మాకు పసుపే వచ్చింది సార్. వచ్చిందే రాశాం."

"అందరికీనా?"

"అందరికీ సార్."

"అవును సార్," అన్నాయి వెనక గొంతులు.

"అయితే మళ్ళీ చేద్దాం," అన్నాడు ఎగ్జామినర్. "అటెండర్ గారూ, అదే ట్రేలోంచి ఇరవై నాలుగు ట్యూబులు."

ఆయన చేశారు. ఒక్క చుక్క కింద పడలేదు. అందరినీ గోడవారగా నిలబెట్టి తలా ఒక ట్యూబు ఇచ్చారు. ఇరవై నాలుగు తెల్లటి ట్యూబులు. చిన్నపిల్లాడిని అడిగినా చెబుతాడు.

"మీ చేతిలో ఉన్నదాని రంగేమిటి? వరసగా చెప్పండి."

కెప్టెన్ ట్యూబు పైకెత్తాడు. కళ్ళు చిన్నవి చేసి అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"లేత పసుపు సార్."

ఎగ్జామినర్ రెండోవాడి వైపు చూశాడు.

"లేత పసుపు సార్."

"లేత పసుపే సార్."

"బాగా లేత పసుపు సార్," అంది అద్దాలమ్మాయి, తానేదో నిజాయితీ చూపించినట్టు.

అలా వస్తోంది వరస. ఒకడు గొంతు సవరించుకున్నాడు, ఒకతె కళ్ళు మూసుకుని చెప్పింది, ఒకడు ట్యూబు చూడకుండా కెప్టెన్‌ని చూసి చెప్పాడు. పన్నెండోవాడికి నవ్వొచ్చింది కూడా. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నవాడు కనీసం ఒక్కడే అన్నాడు. ఇక్కడ ఒక కుందేలుకి ఇరవై నాలుగు మంది కూడి నాలుగో కాలు విరగ్గొడుతున్నారు. అటెండర్ గారికి ఆ మాట విన్నప్పుడల్లా నోట్లో ఏదో జిడ్డు పేరుకుంటున్నట్టుంది. అయినా ఆయన చెవి పంతొమ్మిదో నంబరు దగ్గరే ఉంది. ఇది చెబుతుంది. కాగితం మీద భయపడింది, పోనీ. చేతిలో పెట్టాక చెప్పి తీరుతుంది. ఇది నేను నేర్పిన పిల్ల.

పదిహేడు. పద్దెనిమిది.

ఆ పిల్ల ట్యూబు చూసింది. మామయ్యను చూడలేదు.

"లేత పసుపు సార్."

ఇరవై నాలుగూ అయ్యాయి. ఎగ్జామినర్ ముక్కు మీది కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అటెండర్ గారూ, మీరు చెప్పండి. చీటీ మీరిచ్చారా?"

"ముప్పై ఏళ్ళుగా ఇక్కడున్న మనిషండీ, ఇవ్వడు," అన్నారు హెడ్ గారు గబగబా. తర్వాత అటెండర్ గారి దగ్గరికి వచ్చి, దారి చూపిస్తున్నట్టు మెల్లగా అడిగారు. "ఎక్కడో పడిపోయుంటుంది, అంతేగా? బస్సులోనో ఎక్కడో. మనిషన్నాక పొరపాటు జరుగుతుంది. అంతే అని రాసిచ్చేయండి."

అంతే అనేస్తే అయిపోతుంది. ఒక మెమో ఇస్తారు, నాలుగు నెలల తర్వాత దండ కూడా వేస్తారు. పిల్ల మిగులుతుంది, అక్క ఇల్లు మిగులుతుంది. ఆయన తలెత్తారు. వరసలో మొదట నిలబడ్డ కెప్టెన్ ఆయన వైపే చూస్తున్నాడు. చూసి, చిన్నగా తలూపాడు. అనేయండి అన్నట్టు. తమ బ్యాచ్‌లో ఇప్పుడు ఆయనే ఇరవై ఐదోవాడన్నట్టు.

ఆ ఊపుతో ఆయనకు పుట్టిన రోత అంతా ఇంతా కాదు.

"పడిపోలేదు సార్. మా ఇంట్లో, నా చొక్కా జేబులోంచి తీశారు. తీసింది నా మేనకోడలు. పంతొమ్మిదో నంబరు. వీళ్ళంతా కలిసి తీయించారు. చీటీ ఇంటికి పట్టుకుపోవడం నా తప్పు, అది కూడా రాసుకోండి."

కెప్టెన్ ఒక్క క్షణం తెల్లబోయాడు. ఒక్క క్షణమే. తర్వాత నాలుక తిరిగింది.

"అవును సార్, ఆ అమ్మాయే తెచ్చింది. మేం అడగలేదు సార్. తనే తెచ్చి చూపించింది."

"అవును సార్," అంది అద్దాలమ్మాయి.

"అవును సార్." "అవును సార్." ఎవరూ ఎవరినీ అడగలేదు, సైగ చేసుకోలేదు. వరసలో పద్దెనిమిదీ ఇరవయ్యీ చెరో అడుగు పక్కకు జరిగారు.

"ఇంతకీ రంగేమిటి?" అన్నాడు ఎగ్జామినర్.

"తెలుపు సార్," అన్నాడు కెప్టెన్. ఈసారి ట్యూబు ఎత్తనైనా ఎత్తలేదు.

తెలుపు సార్, తెలుపు సార్ అంటూ వరసంతా తెల్లబడుతూ వచ్చింది. పంతొమ్మిది దగ్గర ఆగింది. ఆ పిల్ల ఈసారి మామయ్యను చూసింది.

"తెలుపని నాకు పొద్దున్నే తెలుసు సార్. తెలిసే పసుపు రాశాను. చీటీ నేనే తీశాను." అంతే చెప్పింది. వాళ్ళు తీయించారని గానీ, బెదిరించారని గానీ అనలేదు.

రూళ్ళ పుస్తకం తెప్పించారు. చీటీ దొంగిలించినవాళ్ళకు ఏడాది పాటు పరీక్షలు లేవు. మిగతావాళ్ళు దొంగిలించినట్టు సాక్ష్యం లేదు కాబట్టి వచ్చే వారం మళ్ళీ పరీక్ష. అటెండర్ మీద విచారణ. వీళ్ళంతా కలిసి తీయించారన్న ఆయన మాట ఆ పుస్తకంలో ఎక్కడా పట్టలేదు. ఎగ్జామినర్ ఎర్ర సిరాతో ఒక్క నంబరు చుట్టూ సున్నా చుట్టాడు. ఇరవై మూడు మంది సంచులు భుజాన వేసుకుని బయల్దేరారు. పిల్ల గోడవార అలాగే నిలబడిపోయింది. ఒక్కరూ ఆ వైపు చూడలేదు.

కెప్టెన్ మాత్రం గుమ్మం దగ్గర ఆగి వెనక్కి వచ్చాడు. అటెండర్ గారి భుజం మీద చెయ్యి వేశాడు.

"థాంక్స్ అంకుల్. మీరు నిజం చెప్పబట్టి మేమంతా బయటపడ్డాం."

వాడు వెటకారం చేయలేదు. మనస్ఫూర్తిగా అన్నాడు.

అటెండర్ గారు సింకు దాకా వెళ్ళగలిగారు, అంతే. రెండు చేతులతో దాని అంచు పట్టుకుని, వంగి, పొద్దున తాగిన టీతో సహా అంతా కక్కుకున్నారు. కడుపు ఖాళీ అయ్యాక కూడా వాంతి ఆగలేదు. పక్కన ఎవరో వచ్చి కుళాయి తిప్పారు. నీళ్ళు ధారగా పడ్డాయి. ఆయన తల తిప్పి చూడలేదు, పొమ్మనీ అనలేదు. ఆ పిల్ల సింకు కడగడం మొదలుపెట్టింది.